నాగార్జునసాగర జలాశయమును దాని పరిసరములును

విద్యార్థులారా! మీ భూగోళ పాఠములలో నాగార్జునసాగరమును గూర్చి కొన్ని లెక్కలు చదివియున్నారు. ఆనకట్ట యెత్తెంత, దాని క్రింద సాగగు భూమి యెంత, అందు పుట్టు విద్యుచ్ఛక్తి యెంత అను ప్రశ్నలకు మీరు తడువుకొనక జవాబు చెప్పగలరు. ఇవి తెలిసికొనదగినవే. కాని యొక మహానదిని నిలిపినప్పుడు దానిని నమ్ముకొనియుండిన నేలయు, అడవియు, జలచరములును, మనుష్యులును గూడ మార్పు చెందుదురు. ఆ మార్పు పాఠ్యపుస్తకపు పట్టికలలో సాధారణముగా కానరాదు. ఈ వ్యాసమున ఆ రెండవ లెక్కను మీకు చూపుటకు యత్నించెదను.

మన తరగతులలో కాలువ క్రింది పొలముల ధాన్యము తిని పెరిగిన బాలబాలికలు గలరు; నీట మునిగిన యూళ్లనుండి లేచివచ్చిన కుటుంబముల మనుమలును గలరు. ఒకే బల్లపై కూర్చుండు వీరిరువురకును ఈ విషయము తెలియవలయును. తలిదండ్రులును దీనిని చదివి, తామెరిగిన సంగతులను పిల్లలకు చెప్పుదురుగాక.

1. కట్టడము, దాని ప్రయోజనము

కృష్ణానది మహారాష్ట్రమున మహాబలేశ్వరము కడ పుట్టి, కర్ణాటకమును దాటి, తెలుగునాట నల్లమల కొండలను చీల్చుకొని పారి, తుదకు సముద్రమున గలియును. ఆ కొండలను దాటివచ్చు చోట, నందికొండ యను గ్రామము చెంత, ఆనకట్టకు తగిన తావు గలదని యింజనీర్లు నిర్ణయించిరి. 1955వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన జవాహర్‌లాల్ నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. 1967వ సంవత్సరము ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు విడిచిరి. నడిమి యానకట్ట రాతితో కట్టబడినది. వేలకొలది కూలీలు రాళ్లు మోసి, సున్నము సిమెంటు కలిపి, చేతులతో దీనిని లేపిరి. పునాది యడుగునుండి దీని యెత్తు సుమారు 409 అడుగులు, గేట్లు 26. రాతికట్టడములలో నింత యెత్తైనవి లోకమున మిక్కిలి యరుదు. నిండినప్పుడు జలాశయము సుమారు 110 చదరపు మైళ్ల మేర వ్యాపించును.

దీని మేలు చిన్నది కాదు. పల్నాటి జొన్నకూటిని గూర్చి శ్రీనాథుడు చాటువులు చెప్పెనని ప్రసిద్ధి గదా. ఆ మెట్టసీమయే నేడు వరి పండించుచున్నది. కుడికాలువ పల్నాడు, గుంటూరు, ప్రకాశము సీమలకును, ఎడమకాలువ నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మము, కృష్ణాసీమలకును నీరిచ్చును. రెండింటి క్రింద ఇరువది లక్షల యెకరములకు మించిన భూమికి నీరు ఉద్దేశింపబడినది. ప్రధాన విద్యుత్కేంద్రపు శక్తి సుమారు 815 మెగావాట్లు. 2004వ సంవత్సరమునుండి హైదరాబాదు నగరము ఈ నీటిని త్రాగుచున్నది. ఈ మేలును మరచి ఆనకట్టను నిందించుట కృతఘ్నత యగును. అట్లే మేలును మాత్రమే చెప్పి తక్కిన దానిని దాచుట అసత్యమగును.

2. నీట మునిగినవి

జలాశయము నిండిన లోయ జనశూన్యమైన బీడు కాదు. అచ్చట పొలములును, ఊళ్లును, తోపులును, శ్మశానములును ఉండెను. అంతకు పూర్వము క్రీస్తుశకము మూడవ నాల్గవ శతాబ్దులలో ఇక్ష్వాకు రాజుల రాజధానియైన విజయపురి అచ్చటనే వెలసియుండెను. 1926లో రంగస్వామి సరస్వతిగారు అచ్చటి శిథిలములను గుర్తించిరి. తరువాత లాంగ్‌హర్స్టుగారు త్రవ్వకములు జరిపిరి. ఆనకట్ట పని నిశ్చయమైన పిమ్మట, నీరు రాకమున్నే సమస్తమును త్రవ్వి చూడవలెనని 1954 మొదలు 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యముగారి యాజమాన్యమున పురావస్తుశాఖవారు మిక్కిలి త్వరితముగా పనిచేసిరి. స్తూపములు, విహారములు, స్నానఘట్టములు, మెట్లు కట్టిన క్రీడారంగము బయల్పడెను. వానిలో ముఖ్యమైన కొన్నింటిని రాయి రాయిగా విప్పి, నాగార్జునకొండ శిఖరము మీదను, గట్టున అనుపు అను చోటను తిరిగి నిలిపిరి. ఆ శిఖరమే నేడు ద్వీపమై యున్నది. అచ్చటి వస్తుప్రదర్శనశాలకు విహారయాత్రగా పోయిన విద్యార్థులు, పడవ తేలుచున్న నీటి క్రింద ఒక పట్టణము గలదని జ్ఞాపకముంచుకొనవలయును.

శిల్పములను కొండయెక్కించుటకు శాస్త్రజ్ఞులు ఆరేండ్లు శ్రమించిరి. ఊళ్లను అట్లు విప్పి తిరిగి కట్టుట సాధ్యము కాదు. నష్టపరిహారపు సొమ్ము చేతికి వచ్చినను, బావియొద్ద చెట్టునీడ రాదు, ఇరుగుపొరుగు రారు, ఏ నేలలో ఏ కార్తెకు ఏ విత్తనము వేయవలెనో తాతలనాటినుండి వచ్చిన తెలివి క్రొత్త నేలలో పనికిరాదు. ఎగువనున్న శ్రీశైల జలాశయము నిండిన కాలమున, 1981 ప్రాంతమున, నూరు గ్రామములకు అటునిటుగా ఖాళీ చేయింపబడెను; లక్షమందికి మించిన జనులు స్థానభ్రష్టులైరి. ఆలయములు కొన్ని అలంపురమునకు తరలింపబడెను. సంగమేశ్వరాలయము మాత్రము నేటికిని నీటమునిగి, జలాశయము తగ్గిన వేసవిలో బయటపడుచుండును. పరిసరము అనగా చెట్టు చేమలే యని మీరు తలపరాదు. మనుష్యుని ఊరును పరిసరములోని భాగమే.

3. నిలిచిన నీటి స్వభావము

పారునీటికిని నిలిచిన నీటికిని గుణభేదము గలదు. పారునీరు గాలితో కలిసి ప్రాణవాయువును పీల్చుకొనుచుండును. లోతైన జలాశయమున పైనీరు ఎండకు వెచ్చబడి తేలికయై పైననే యుండును. అడుగునీరు చల్లగా బరువుగా నుండి గాలిని చూడక యుండును. మునిగిన చెట్లును ఆకులును అడుగున క్రుళ్లి అచ్చటి ప్రాణవాయువును హరించును. బురదలో మీథేను అను వాయువు పుట్టును. క్రొత్తగా నిండిన జలాశయములలో ఈ మార్పులు తీవ్రముగానుండి, ఏండ్లు గడచినకొలది తగ్గును. పారునీటికి అలవాటుపడిన చేపలు అచ్చట తగ్గును; ఎగువకు ఈదిపోయి గ్రుడ్లు పెట్టు జాతులకు ఆనకట్ట దాటరాని గోడయగును. నిలిచిన నీట బ్రతుకగల బొచ్చె, శీలవతి మొదలగు చేపల పిల్లలను తెచ్చి వదలుదురు. జలాశయపు చేపల వేటతో బ్రతుకు కుటుంబములు చాలగలవు. ఇది నష్టములో పుట్టిన లాభము.

ఇక ఆవిరిని గూర్చి చెప్పెదను. కృష్ణానీటి పంపకమును గూర్చి బచావతుగారి అధ్యక్షతన నేర్పడిన న్యాయమండలి తీర్పు 1976లో ప్రకటింపబడెను. అందు నాగార్జునసాగరము క్రింద ఆవిరియై పోవు నీటికై 17 టి.ఎమ్.సి. లెక్కింపబడినది, శ్రీశైలమునకు 33 టి.ఎమ్.సి. ఒక టి.ఎమ్.సి. అనగా నూరుకోట్ల ఘనపుటడుగులు. మీరే భాగించి చూడుడు: 110 చదరపు మైళ్ల మీద 17 టి.ఎమ్.సి. పోయినచో సంవత్సరమునకు సుమారు అయిదున్నర అడుగుల మందము నీరు ఆకాశమునకు అర్పింపబడుచున్నది. జలాశయము ఎంత వెడల్పై లోతు తక్కువైన అంత యెక్కువ నీరు ఎండపాలగును.

4. ఒండ్రు ఎచ్చటికి పోవుచున్నది?

ఒక గాజుసీసాలో వాననీటి వరదనుండి ముంచిన యెఱ్ఱనీటిని పోసి కదలింపక యుంచుడు. ఒక రాత్రి గడచునప్పటికి మన్ను అడుగున పేరి, పైన తేటనీరు నిలుచును. జలాశయమున జరుగునది ఇదియే. వరదతో వచ్చిన ఒండ్రు వేగము తగ్గగానే దిగిపోవును. మొదట నాగార్జునసాగరపు నిలువశక్తి 408 టి.ఎమ్.సి. అని లెక్క. 2009లో జరిగిన కొలత ప్రకారము అది 312 టి.ఎమ్.సి.కి దిగినది. అనగా 96 టి.ఎమ్.సి. చోటును మన్ను ఆక్రమించెను.

ఈ నష్టమును రైతు భాషలో చెప్పెదను. ఒక టి.ఎమ్.సి. నీటిని ఒక అడుగు లోతున పరచినచో 22,957 ఎకరములు కప్పును. వరిపంటకు మొత్తము మీద నాలుగడుగుల నీరు కావలెనని యెంచుకొన్నచో, ఒక టి.ఎమ్.సి. సుమారు 5,700 ఎకరములకు చాలును. కావున మన్ను ఆక్రమించిన చోటు, నిండిన ప్రతి సంవత్సరమును, సుమారు అయిదున్నర లక్షల ఎకరముల వరికి సరిపడు నీటిని నిలుపవలసిన చోటు. ఎగువ కొండలలో చెట్లు నరికినవాని గొడ్డలికిని, దిగువ కాలువ చివర ఎండిన మడికిని ఇట్టి సంబంధము గలదు.

ఒండ్రు జలాశయమున నిలిచిన, డెల్టాకు రాదు గదా! కృష్ణాడెల్టా యనగా వేలయేండ్లు నది మోసుకొనివచ్చిన మన్నే. సముద్రపు అలలు ప్రతిదినమును తీరమును కొఱుకుచుండును. నది ప్రతి వరదలోను ఆ లోటును పూడ్చుచుండెను. ఆంధ్ర విశ్వవిద్యాలయపు పరిశోధకులు ప్రకటించిన లెక్కల ప్రకారము, 1966-69 సంవత్సరములలో కృష్ణ యేటేట సుమారు 90 లక్షల టన్నుల ఒండ్రును దిగువకు తెచ్చుచుండగా, 2000-2005 నాటికి అది 4 లక్షల టన్నులకు పడిపోయెను. ఈ తగ్గుదలకు నాగార్జునసాగరమొక్కటియే కారణము కాదు. ఏకముగా నదిమీదను ఉపనదులమీదను కట్టబడిన జలాశయములన్నియు కారణము. ఫలితమేమన, డెల్టా తీరమున పలుచోట్ల సముద్రము నేలలోనికి చొచ్చుచున్నది. వానలు తప్పిన 2003-04లో సముద్రమును చేరిన కృష్ణానీరు మిక్కిలి స్వల్పము. నది నెట్టని చోట ఉప్పునీరు లోనికి వచ్చును. ముఖద్వారముకడ మడ అడవులకును, బావులకును ఇది కీడు. సముద్రమునకు పోవు నీరంతయు వ్యర్థమని మనము వినుచుందుము. ఆ మాట సత్యము కాదని డెల్టా తీరమే సాక్ష్యమిచ్చుచున్నది.

5. కాలువల క్రింది నేలయు, ఆరోగ్యమును

కాలువలో పారునీరంతయు పైరుకు చేరదు. కొంత గట్లగుండ, అడుగుగుండ ఊరి భూమిలోనికి దిగును. అందుచే బావులలో నీటిమట్టము పెరుగును. ఇది మెట్టరైతునకు వరము. కాని మురుగు పోవు దారి లేనిచోట మట్టము వేళ్లవరకు ఎక్కివచ్చును. అప్పుడు నేలలోని లవణములు నీటితో పైకి వచ్చి, నీరు ఆవిరికాగా తెల్లని చౌడై నిలుచును. నల్లరేగడి నేలలు నీటిని త్వరగా వదలవు గనుక వానికి ఈ భయము హెచ్చు. మొదటి తూము రైతు మితిమీరి నీరు పెట్టి తన నేలను చెరచుకొనును; చివరి తూము రైతు నీరు రాక పైరును ఎండబెట్టుకొనును. ఒకే కాలువ ఈ రెండు నష్టములను చేయుట విచారకరము. నిలిచిన మురుగుగుంటలలో దోమలు పెరుగును. గుఱ్ఱపుడెక్క యల్లుకొని కాలువలను మూసివేయును.

నల్లగొండ సీమ సంగతి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. అచ్చటి భూగర్భజలములలో ఫ్లోరైడు అను లవణము మితిమీరి యున్నది. అది రాళ్లనుండి కరగి వచ్చునది. ఆనకట్ట తెచ్చినది కాదు. ఆనకట్ట ఆలోచన కార్యరూపము దాల్చకమున్నే, 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరైడు వ్యాధిని వైద్యులు గుర్తించి ప్రకటించియుండిరి. అయినను 1970కి పిదప హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వైద్యులు నల్లగొండ ప్రాంతపు బాలురలో, మోకాళ్లు లోపలికి వంగి యొకదానినొకటి ఒరయు వికృతిని చూచిరి. దానికి సూచింపబడిన కారణమిది: జలాశయపు ఊటచే భూగర్భజలమట్టము పెరిగి, నేలలో క్షారగుణము హెచ్చగును, అట్టి నేలలో జొన్న మాలిబ్డినము అను ధాతువును ఎక్కువగా పీల్చుకొనును, ఆ జొన్న తిన్నవారి దేహమునుండి రాగి యధికముగా బయటికి పోవును, రాగి కొరతయు ఫ్లోరైడును కలిసి లేతయెముకలను వంచును. ఇది పండితుల సూచన యని వ్రాసికొనుడు. సంపూర్ణముగా సిద్ధాంతమైనదని వ్రాయకుడు. శాస్త్రమున సూచనకును నిర్ణయమునకును భేదము గలదు.

ఈ కథకు మరియొక ప్రక్క గలదు. నదినీటిలో ఫ్లోరైడు తక్కువ. కావున నల్లగొండ గ్రామములకు మందు గూడ ఆ సాగరపు నీరే. పటికయు సున్నమును కలిపి ఫ్లోరైడును పేర్చి తీయు పద్ధతికి నల్లగొండ పేరే పెట్టిరి. కాని ప్రతి యింటను దానిని నిత్యము నడుపుట కష్టమయ్యెను. 2016లో తెలంగాణమున ఆరంభమైన భగీరథ పథకము మొదలగు ప్రయత్నములచే గొట్టముల ద్వారా నదీజలము గ్రామములకు చేరినది. వంగిన యెముక తిరిగి తిన్నగా కాదు. కాని ఇప్పుడు పుట్టు శిశువు ఆ బాధ లేక పెరుగగలదు. సాగరము కట్టిన పిమ్మట అర్ధశతాబ్దమువరకు, దాని చెంతనే యున్న గ్రామములు చేదు బావినీరు త్రాగుచుండుట మనము ఆలోచింపదగిన విషయము. నీరు దూరపు పొలములకు ముందు పోయి, దగ్గరి పల్లెల గొంతులకు వెనుక వచ్చెను.

6. అడవి, మృగములు, భూమి కదలిక

నల్లమల అడవులలో లోతట్టు భాగములు నదిలోయలోనే యుండును. ఏలయన అచ్చట తేమ హెచ్చు, మన్ను మంచిది. జలాశయము మొదట ముంచునది అట్టి భాగములనే. మృగములు ఎండకాలమున దాటిపోవు నదీమార్గము వెడల్పైన సరస్సైనప్పుడు, ఈ గట్టు మందకు ఆ గట్టు మందతో సంబంధము తగ్గును. తేనెయు దుంపలును సేకరించి బ్రతుకు చెంచులకును అడవి తరుగుట జీవనము తరుగుటయే. అయినను నీటియొడ్డు దొరకుటచే మొసళ్లకును, నీటిపక్షులకును కొంత మేలు కలిగినది. 1983లో ఈ రెండు జలాశయముల నడిమి అడవి పులుల సంరక్షణ ప్రదేశముగా ప్రకటింపబడెను. 1,300 చదరపు మైళ్లకు మించిన విస్తీర్ణముతో అది దేశమున మిక్కిలి పెద్దవానిలో నొకటి. 2014లో రాష్ట్రవిభజన జరిగిన పిమ్మట ఉత్తరభాగము అమరాబాదు సంరక్షణ ప్రదేశమైనది. ఆ యడవి నిలిచినంతకాలము సాగరములోనికి దిగు మన్ను కొంత తగ్గును. కావున పులిని కాచుట రైతును కాచుటయే.

పెద్ద జలాశయపు బరువును, రాతిపగుళ్లలోనికి దిగు నీటి యొత్తిడియు భూమిని కదల్పగలవని శాస్త్రజ్ఞులందురు. కృష్ణకు ఉపనదియైన కోయన మీద, మహారాష్ట్రమున, 1967వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీన వచ్చిన భూకంపము దీనికి లోకప్రసిద్ధమైన ఉదాహరణము. అందు నూరుమందికి మించిన జనులు మరణించిరి. ప్రతి జలాశయమును ఇట్లు చేయదు. రాతినిర్మాణమును బట్టి యుండును. కాని కట్టక పూర్వమే పరీక్షింపవలెనని అది బోధించెను.

7. చేయదగినవి

కట్టిన దానిని కూల్చుమనుట వెఱ్ఱి. కట్టిన దానిని తెలివితో వాడుట మన చేతిలోనిది. ఎగువ కొండవాలులలో చెట్లు పెంచి, చిన్న రాతికట్టలు కట్టి మన్నును అచ్చటనే నిలుపవలయును. కాలువలకు గట్టి అడుగు వేసి ఊటను తగ్గింపవలయును. మురుగు కాలువలను పూడనీయరాదు. వంతు ప్రకారము నీరు పెట్టి, మొదటి రైతు చివరి రైతును తలంచుకొనవలయును. మెట్టపైర్లకు తగిన నేలలో వరియే వేయవలెనను పట్టుదల మానవలయును. డెల్టాకును సముద్రముఖమునకును కొంత నీరు విడిచి నదిని బ్రతికింపవలయును. ముందు మునుగు ఊరివారికి క్రొత్త యూరు కట్టి యిచ్చి, తరువాత గేట్లు మూయవలయును. తరువాత కట్టుదమను మాట ఎన్నడును చాలలేదు.

ఇంటివద్ద చేయదగిన అభ్యాసములు:

(1) సీసా పరీక్షను మూడు తావుల నీటితో చేసి, అడుగున దిగిన మన్ను మందమును కొలువుడు. చెట్లున్న వాగునకును బోడివాగునకును భేదమును వ్రాయుడు.

(2) 96 టి.ఎమ్.సి. నష్టము 1967 మొదలు 2009 వరకు కలిగినదనుకొని, యేటి సరాసరి కనుగొనుడు.

(3) మీ యింటి తాగునీరు ఏ నదినుండి, ఏ దారిని వచ్చుచున్నదో పటము గీయుడు.

(4) మునిగిన యూరివారు మీ యెరుకలో నున్నచో, వారియొద్ద కూర్చుండి, ఆ యూరి వీధులు, బావులు, చెట్లు, పండుగలు అడిగి వ్రాసికొనుడు. నాగార్జునకొండ శిల్పములను వ్రాసిపెట్టువారు చాలమంది యుండిరి. ఆ పల్లెలను వ్రాసిపెట్టువారు కొద్దిమందియే. ఆ వృద్ధులు దాటిపోకముందే ఈ పని చేయవలయును.

ఈ నాల్గవ అభ్యాసమును శ్రద్ధతో చేసిన పుస్తకములను పాఠశాల గ్రంథాలయమున భద్రపరచెదము. మీ పుస్తకములలో సాగరపు పొడవు వెడల్పుల ప్రక్కన ఈ సంగతులును చేరినప్పుడే ఆ పాఠము పూర్తియగును.